లిచ్ అన్న మాటకి ఆఖరి చీటీ

మా నిఘంటువు ఆఫీసు ఒక విత్తనాల కొట్టు పైన, పొడుగాటి గదిలో ఉండేది. కింద నుంచి ఉల్లి గింజల వాసన, పైన మా సిరా వాసన. గోడల నిండా చెక్క అరలు, అరల నిండా చీటీల కట్టలు. ఇంగ్లీషులో ఉన్న ప్రతి మాటకీ పుట్టుపూర్వోత్తరాలు రాయడం మా పని. అందులో 'ఎల్' అక్షరం నాది. నా పేరు ఆర్థర్ విన్‌స్లేడ్. అప్పటికి ముప్పై ఆరేళ్ళు, పెళ్ళి కాలేదు, నా అంత తెలివైనవాడు ఆ గదిలో ఇంకొకడు లేడని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఇప్పటికీ పోలేదనుకోండి.

చీటీ అంటే అరచేతంత కాగితం. పైన ఎడమ పక్కన మాట, దాని కింద తేదీ, తర్వాత అన్నవాడి పేరు, ఆ కింద ఆ మాటతో పూర్తి వాక్యం. పేరు లేని చీటీ చెత్తబుట్టకే. ఊరికే విడమర్చి చెప్పిన వాక్యం కూడా చెల్లదు, మనిషి తన అవసరానికి నిజంగా వాడగా వినాలి. ఇవన్నీ మా పెద్ద సంపాదకుడు డాక్టర్ క్రేల్ పెట్టిన రూల్సు. ఒక మాటని వాడే మనిషి ఇక ఎవరూ లేరని తేలితే, దాని ముందు చిన్న శిలువ గుర్తు అచ్చేస్తాం. చచ్చిన మాట అని. ఆ గుర్తు పెట్టడమంటే నాకు మహా ఇష్టం.

దేశం నలుమూలల నుంచీ జనం మాకు చీటీలు పంపేవాళ్ళు. పనీపాటా లేని పాస్టర్లు, పింఛను పుచ్చుకున్న కర్నల్లు, ఊసుపోని టీచరమ్మలు. అవి చదువుతుంటే నాకు ఒళ్ళు మండేది. 1899 చివర్లో 'లిచ్' అన్న మాట నా బల్ల మీదికి వచ్చినప్పుడైతే మరీను.

వెయ్యేళ్ళు పైబడ్డ మాట అది. మొదట్లో దానికి ఒళ్ళు అని అర్థం, అంతే. బతికున్న ఒళ్ళు, తిని తిరిగే ఒళ్ళు. కాలం గడిచేకొద్దీ పీనుగ అయి కూర్చుంది. ఒకే ఒళ్ళు ఉన్నవాడు అన్న భావంలోంచే పోలికని చెప్పే 'లైక్' కూడా పుట్టింది. శవపేటికని చర్చి ఆవరణలోకి తెచ్చే ముందు కాసేపు దించుతారే, కప్పు వేసిన గేటు, దాన్ని లిచ్-గేట్ అంటాం. గుడ్లగూబ కూస్తే చావు తప్పదని దాన్ని లిచ్-ఔల్ అనేవాళ్ళు. ఇంతవరకూ బాగానే ఉంది. ఇక జనం తెలివి చూడండి. లిచ్‌ఫీల్డ్ అన్న ఊరి పేరుకి పీనుగల పొలం అని అర్థమట, పూర్వం అక్కడ వెయ్యిమంది క్రైస్తవుల్ని నరికి పారేశారట! అలా రాసిన చీటీలు నలభై ఒకటి వచ్చాయి. ఆ పేరు రోమన్ల కంటే ముందుది, బూడిదరంగు అడవి అని దాని అర్థం, పీనుగలూ లేవు పాడూ లేదు. ఈ ముక్క మర్యాదగా రాసి పంపితే ఒక కర్నల్ జవాబు రాశాడు, "మా తాతగారు అబద్ధం ఆడతారా?" అని. ఆడతారు. తాతలు ఆడినన్ని అబద్ధాలు ఇంకెవరూ ఆడరు.

ఆ కట్టలో అడుగున ఇంకో ఉత్తరం ఉంది. యార్క్‌షైర్ కొండల్లో స్కెల్‌బెక్ అనే పల్లె నుంచి లేథమ్ అనే పాస్టరు రాసింది. "మా ఊళ్ళో లిచ్-వాచ్ అన్న మాట ఇంకా బతికే ఉంది. పీనుగని కాసే కాపలా కాదు సుమా. పీనుగ కాసే కాపలా."

నేను నవ్వి, శిలువ గుర్తు పెట్టబోయాను. డాక్టర్ క్రేల్ నా భుజం మీంచి చూశాడు.

"బతికున్న మాటకి సమాధి కడతావేమయ్యా? వెళ్ళి విని రా. పూర్తి వాక్యం, పేరుతో సహా. మంగళవారం పొద్దున నా బల్ల మీద ఉండాలి."

"ఈ చలిలోనా? క్రిస్మస్ వెళ్ళి మూడు రోజులు కాలేదు."

"మాటకి చలి ఉండదు," అన్నాడు. ఆయన జోకులు ఎప్పుడూ అంతే.

శనివారం, డిసెంబరు ముప్పైన స్కెల్‌బెక్‌లో దిగాను. సీసం గనులు మూతపడ్డాక ఆ ఊళ్ళో సగం ఇళ్ళు పాడుబడ్డాయి. పొగ గొట్టాలు లెక్కపెడితే ఎనిమిదింటిలోంచే పొగ వస్తోంది. మధ్యాహ్నం మూడున్నరకే వెలుతురు పల్చబడిపోయింది. పాస్టరు లేథమ్ సన్నగా, తడిసిన కోడిలా ఉన్నాడు. టీ ఇచ్చి, గొంతు తగ్గించి సంగతంతా చెప్పాడు.

ఆ ఊరి నమ్మకం ఇదీ. ఆఖరున పూడ్చినవాడు లిచ్-గేట్ దగ్గర కాపలా ఉండాలి. ఆ తర్వాత ఇంకొకరు పోయి, వాళ్ళ పేటిక గేటు కింద రాతి మీద దించినప్పుడు, వాళ్ళ తరఫు మనిషి ఆ పోయినవాళ్ళ పేరు మీద ఒక మాట అంటాడు. దాంతో కాపలా మారుతుంది. పాతవాడు వెళ్ళి తన గోతిలో పడుకుంటాడు. కొత్తవాడు నిలబడతాడు.

"ఇప్పుడు ఎవరిది డ్యూటీ?" అన్నాను, నవ్వు ఆపుకుంటూ.

"ఆంబ్రోస్ బ్రన్‌స్కిల్. గని మనిషి. పోయి నాలుగు నెలలైంది. ఆ తర్వాత ఊళ్ళో ఎవరూ పోలేదు."

"మంచిదేగా."

"మంచిది కాదండీ. మా సమాధుల తోట నిండిపోయిందని పైనుంచి ఆర్డరు వచ్చింది. రేపు ఆదివారంతో మూసేస్తున్నాం. ఇక మీద ఎవరు పోయినా కింద టౌన్లో పూడ్చాలి. అంటే..." టీ కప్పులో చెంచా తిప్పాడు. "ఆంబ్రోస్‌కి ఇక కాపలా మార్చేవాళ్ళు ఉండరు. ఎప్పటికీ."

"మీరు నమ్ముతున్నారా?"

"ఛ, ఛ. నేను దేవుడి సేవకుణ్ణి."

"మరి మీరే ఆ మాట ఏదో అనేసి ఆ ముసలాణ్ణి పడుకోబెట్టొచ్చుగా? బతికున్నవాడు తన పేరు మీద అనకూడదా?"

"అనొచ్చు. అన్నవాడు పోయాక కాపలా వాడిదవుతుంది." కప్పు కింద పెట్టాడు. "మీరు ఈ ఊళ్ళో ఉండరు కదా, మీకు తెలీదు."

నమ్మడు, కానీ అనడు! యూనివర్సిటీలో గ్రీకు చదువుకున్న మనిషి. ఇలాంటివాళ్ళని చూస్తే నాకు జాలి వెయ్యదు, అసహ్యం వేస్తుంది.

ఆంబ్రోస్ భార్య కెటూరాకి ఎనభై దాటాయి. పిడికెడంత మనిషి. పొయ్యిలో కట్టెలకి బదులు ఎండిన బురదగడ్డలు కాలుతున్నాయి, ఆ పొగకి నా కళ్ళు మండాయి. ఆవిడ నా వంక చూస్తూనే మేజోళ్ళు అల్లుతోంది, సూదులు ఒక్క క్షణం ఆగలేదు.

"ఎక్కణ్ణుంచి నాయనా?"

"నిఘంటువు ఆఫీసు నుంచండీ. మాటలు సేకరిస్తాం."

"మాటలు ఏరుకోడానికి ఇంత దూరం వచ్చావా? మీ ఊళ్ళో ఎవరూ మాట్లాడుకోరా?"

"పాత మాటలు కావాలి."

"పాతవి కావాలంటే నా దగ్గర దగ్గు ఉంది, తీసుకెళ్ళు." ఒక్క పన్ను కనిపించేలా నవ్వింది. "కూచో. బూట్లు తుడుచుకున్నావా?"

లిచ్-వాచ్ గురించి అడిగాను. నవ్వు పోయింది. కానీ దాచకుండా చెప్పింది. తన చిన్నప్పుడు ఒకే రోజు రెండు చావులు పడ్డాయట. రెండు ఇళ్ళవాళ్ళూ పేటికలు భుజాన వేసుకుని కొండ దారిలో పరుగులు తీశారట, వెనక చేరినవాళ్ళ మనిషికి కాపలా పడుతుందని. వాగు దగ్గర ఒకళ్ళు జారిపడితే, పేటిక నీళ్ళలో కొట్టుకుపోతుంటే, రెండోవాళ్ళు వెనక్కి కూడా చూడలేదట. నేను పకపకా నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"వాళ్ళు మా అమ్మావాళ్ళే," అంది. "వెనక్కి చూడనివాళ్ళు."

"ఆ మాట ఏమిటో కాస్త చెప్పండి."

"నేను అంటే చెల్లదు. ఒకే ఇంటివాళ్ళు ఒకరి కాపలా ఒకరు తీసుకోకూడదు. చెల్లితే ఆయన్ని పూడ్చిన రోజే అనేదాన్ని." సూదులు ఆగాయి. "ఏడు గడపలూ తొక్కాను నాయనా. చిన్నప్పుడు నేను పాలు పట్టినవాళ్ళ గడపలు కూడా. ఒక్కళ్ళూ అనలేదు. వాళ్ళనేం అంటాలే. ఎవరి భయం వాళ్ళది."

"ఆయనకేం, చనిపోయాడుగా. ఎక్కడ ఉంటే ఏమిటి?"

"ఆయనకి చలి పడదు," అంది, ఇంత తెలివితక్కువ ప్రశ్న ఉంటుందా అన్నట్టు. "నలభై ఏళ్ళు గనిలో నీళ్ళలో నిలబడి కాళ్ళు పాడు చేసుకున్నాడు. వారానికో జత అల్లి గేటుకి తగిలిస్తాను. పొద్దున్నకి ఉండవు."

ఏ గొర్రెల కాపరి కాళ్ళకో వెచ్చగా ఉంటున్నాయన్నమాట. ఆ ముక్క పైకి అనలేదు, కానీ నా మొహంలో కనిపించే ఉంటుంది.

ముక్కలు ముక్కలుగా ఆ వాక్యం చెప్పించాను. 'ఈ లిచ్-వాచ్ నాది. నువ్వు వెళ్ళి పడుకో.' ముందు కాపలా తీసుకునేవాడి పేరు, చివర పడుకోబోయేవాడి పేరు. అంతే. ఇంత చిన్న వాక్యానికి ఊరు ఊరంతా వణుకుతోంది! కానీ ఇది విడమర్చి చెప్పిందే కదా, చెల్లదు. ఎవరైనా నిజంగా వాడగా వినాలి. వాడేవాడు ఏడు గడపల్లో ఒక్కడూ లేడు.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం మంచు కమ్మింది. నాలుగు గంటలకి కెటూరా నా చెయ్యి పట్టుకుని గేటు దాకా నడిచింది. పాస్టరు చర్చిలో దీపాలు ఆర్పే నెపంతో లోపలే ఉండిపోయాడు. రాతి స్తంభాలు, పైన నాచు పట్టిన పెంకులు, మధ్యలో పేటిక దించే పొడుగాటి రాయి. గేటు గడియ వేసి ఉంది. లోపల సమాధులు మంచులో కనిపించడం లేదు. తడి రాతి వాసన. ఇంకేదో వాసన కూడా... కాలిన కొవ్వు వాసన. ఆ గనుల్లో పనివాళ్ళు కొవ్వొత్తిని తడి మట్టి ముద్దలో గుచ్చి, బొటనవేలితో టోపీకి అదిమి అంటించుకునేవాళ్ళట. ఆ కొవ్వు వాసన. పాస్టరు ఆర్పిన దీపాలది అనుకున్నాను.

కెటూరా గేటు కడ్డీ పట్టుకుంది.

"ఆంబ్రోస్..." అంది గుసగుసగా. "నా వల్ల కాలేదు. అందర్నీ అడిగాను. నా మీద కోపం పెట్టుకోకు."

ఏడవలేదు. కొత్త మేజోళ్ళ జత కడ్డీకి కట్టబోయింది, వేళ్ళు ముడి వెయ్యలేకపోయాయి.

నాకు చిరాకెత్తుకొచ్చింది. ఆవిడ మీద కాదు, ఆ ఏడు గడపల మీద, ఆ దీపాల పాస్టరు మీద. పైగా మంగళవారం దగ్గర పడుతోంది, జేబులో చీటీ ఖాళీగా ఉంది. వాడకం కావాలి, అంతేగా? నేనే వాడితే అది వాడకం కాదా?

"జరగండి," అన్నాను. "ఆ మాట నేనంటాను."

ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఊరికే అనకు నాయనా. నవ్వుతూ అన్నా అన్నట్టే."

"అన్నట్టే అవ్వాలనే అంటున్నా."

"నీకు అమ్మ లేదా? ఆలోచించుకో."

"ఆలోచించడానికి ఇందులో ఏముందండీ!"

ఆవిడ నా కళ్ళలోకి చూసింది. ఇంకోసారి వద్దంటుందని అనుకున్నాను. పెదవులు కదిలాయి కూడా. కానీ గేటు వైపు తిరిగింది. చెయ్యి వదిలేసింది.

పెన్సిలు తీశాను. చీటీని రాతి మీద పెట్టాను. రాస్తూ, పైకి, పాఠం చదివినట్టు అన్నాను.

"నేను, ఆర్థర్ విన్‌స్లేడ్. ఈ లిచ్-వాచ్ నాది. నువ్వు వెళ్ళి పడుకో, ఆంబ్రోస్ బ్రన్‌స్కిల్."

ఏమీ కాలేదు.

నవ్వాను. చీటీ మడుస్తున్నాను...

గేటు అవతల ఎవరో దగ్గారు. ఛాతీ లోతుల్లోంచి వచ్చే తడి దగ్గు... నాకు అడుగు దూరంలో. మంచు తప్ప ఏమీ లేదు. గడియ దానంతట అది లేచింది. కొవ్వు వాసన మొహానికి కొట్టింది. ఎవరో ఊపిరి వదిలారు... బరువు దించుకున్నవాడు వదిలే ఊపిరి. తర్వాత చెక్క బూట్ల చప్పుడు. కంకర మీద. నా వైపు కాదు. నా నుంచి దూరంగా... సమాధుల్లోకి... ఒక్కో అడుగూ నెమ్మదిగా... ఆగిపోయింది.

నా కుడి చేతిలో ఏదో వెచ్చగా ఉంది.

గుప్పిట ఎప్పుడు మూశానో తెలీదు. విప్పాను. తడి మట్టి ముద్ద. నడుమ కాలిపోయిన కొవ్వొత్తి మొదలు. పక్కన లోతుగా బొటనవేలి ముద్ర.

కెటూరా మొహం వెలిగిపోతోంది, పెళ్ళికూతురిలా. మేజోళ్ళ జత నా కోటు జేబులో కుక్కింది.

"ఆయనకి ఇక అక్కర్లేదు," అని గుసగుసలాడింది. "నువ్వుంచుకో, బంగారు తండ్రీ. నీకు కావాలి."

పరిగెత్తాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను, టోపీ పడిపోయినా తీసుకోలేదు, పాస్టరు ఇంట్లో పెట్టె వదిలేసి కొండ దిగి స్టేషను దాకా పరిగెత్తాను.

మంగళవారం డాక్టర్ క్రేల్ చీటీ చూసి కళ్ళజోడు పైకెత్తాడు. "అన్నవాడు నువ్వే, విన్నవాడూ నువ్వే. ఇదేం సాక్ష్యమయ్యా?" అని చింపి బుట్టలో పడేశాడు. నా చేత్తో ఆ అర్థానికి శిలువ గుర్తు పెట్టాను. చచ్చింది. అచ్చయింది. పీడ వదిలింది. ఏప్రిల్లో కెటూరా పోయిందని పాస్టరు రాశాడు, టౌన్లో పూడ్చారట, చలికాలమంతా నవ్వుతూనే ఉందట. నేను జవాబు రాయలేదు.

ముప్పై రెండేళ్ళయింది. నిఘంటువు పూర్తయింది, క్రేల్ పోయాడు, విత్తనాల కొట్టు బూట్ల కొట్టయింది. ఆ రోజు సంగతికి నా దగ్గర చక్కటి సంజాయిషీ ఉంది. దగ్గింది పాస్టరు. గడియ ఎత్తింది గాలి. మట్టి ముద్ద నా చేతిలో పెట్టింది ముసలమ్మే, భయంలో నేను గమనించలేదు. ఇన్నేళ్ళూ నాలాంటి తెలివైనవాడికి ఇది సరిపోయింది. ఆ ముద్దని పొయ్యి పైన అరలో ఉంచాను, వచ్చినవాళ్ళకి చూపించి ఆ పల్లె జనాన్ని వెక్కిరించడానికి. ఎండి రాయిలా అయిపోయింది. అందరూ పడీ పడీ నవ్వేవాళ్ళు.

ఈ నెలలో డాక్టరు నా గుండె విని, వీలునామా రాశారా అని అడిగి, స్టెతస్కోపు పెట్టెలో పెట్టేసుకున్నాడు. సరే, ఎవరైనా పోవలసిందే. వీలునామాలో స్పష్టంగా రాశాను, ఇక్కడే, ఈ ఊళ్ళోనే, ఇటుక గోరీలో పూడ్చాలని. స్కెల్‌బెక్ ఇక్కణ్ణుంచి రెండు వందల మైళ్ళు. ఒక ముసలమ్మ ముందు ఒక వాక్యం చదివినందుకు రెండు వందల మైళ్ళు ఎవడు పోతాడు?

ఇవాళ సాయంత్రం పాదాలు చల్లబడ్డాయి. ఎంత మంట వేసినా వేడెక్కలేదు. చివరికి పెట్టె అడుగున ఉన్న ఆ మేజోళ్ళు తీసి వేసుకున్నాను, ఇన్నేళ్ళలో మొదటిసారి. సరిగ్గా సరిపోయాయి. సరే, ముసలమ్మ కొలత మంచిది అనుకున్నాను. లేచి, మట్టి ముద్ద చేతిలోకి తీసుకున్నాను, ఆంబ్రోస్ వేలి ముద్ర ఎంత పెద్దదో చూద్దామని. మెత్తగా తగిలింది.

పోయిన మార్చిలో కాగితాల కత్తి జారి నా కుడి బొటనవేలు తెగింది. మూడు కుట్లు పడ్డాయి. ఇప్పుడు అక్కడ అడ్డంగా, చివర కొంచెం వంకర తిరిగిన మచ్చ ఉంది.

వేలు ఆనించకుండా, దీపం దగ్గరికి తెచ్చి చూశాను. ముప్పై రెండేళ్ళ కిందట ఆ గేటు దగ్గర నా చేతిలోకి వచ్చిన మట్టిలో, ఆ ముద్ర మధ్యలో, అడ్డంగా ఒక గీత ఉంది. చివర కొంచెం వంకర తిరిగి ఉంది. మూడు కుట్ల గుర్తులు కూడా ఉన్నాయి.